ఉపాధ్యాయులకు పరీక్ష తప్పనిసరి చేయాలా? ఓటు వేయబోయేవారికి ఒక పోలిక

బడిలో పాఠం చెప్పేవారికి పరీక్ష పెట్టాలా వద్దా అని అడిగితే మనలో ఎక్కువమంది నోట “పెట్టాల్సిందే” అన్న మాట ఆలోచన కన్నా ముందే వస్తుంది. పిల్లలకు ఏడాది పొడవునా పరీక్షలు పెడుతున్నప్పుడు పెద్దలకు ఒకటి పెడితే తప్పేమిటన్నది ఆ మాట వెనుక ఉన్న న్యాయం. అయితే పాఠశాల యాజమాన్య కమిటీలోనో, ఉపాధ్యాయ సంఘం సమావేశంలోనో, ఎన్నికల్లో అభ్యర్థి హామీని తూచి చూసేటప్పుడో ఈ విషయంపై నిజంగా చెయ్యెత్తవలసి వస్తే, ‘పరీక్ష’ అన్న ఒక్క మాట కింద చాలా వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయని గుర్తించాలి. ఉద్యోగంలో చేరే ముందు పెట్టే పరీక్ష వేరు, ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవారికి పెట్టే పరీక్ష వేరు. కొన్నేళ్లకోసారి అర్హతను పునరుద్ధరించుకోమనడం మరొకటి. పిల్లల మార్కులను బట్టి ఉపాధ్యాయుడిని కొలవడం ఇంకొకటి. తరగతి గదిలో కూర్చుని బోధన చూడటం వీటన్నిటికీ భిన్నమైనది. ఖర్చులో, ఫలితంలో, ఎవరికి నష్టం కలుగుతుందన్న దానిలో ఇవి ఒకదానితో ఒకటి పోలవు.

మన ఓటు ఎక్కడ ఉంది

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి ప్రశ్నను బ్యాలెట్ పత్రం మీద ముద్రించి ప్రజలను నేరుగా అవునో కాదో చెప్పమంటారు. మన దేశంలో ఒక విధానంపై అలా ప్రజాభిప్రాయ ఓటు నిర్వహించే ఏర్పాటు లేదు. విశాఖవాసికి ఈ విషయంలో ఉన్న ఓటు పరోక్షమైనది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు సరే. అవి కాక, ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ నియోజకవర్గ ఎమ్మెల్సీ ఎన్నిక ఒకటి ఉంది. 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఆ ఎన్నికలో గాదె శ్రీనివాసులు నాయుడు గెలిచారు. ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఈ నియోజకవర్గంలో ఓటు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో కనీసం మూడేళ్లు బోధించినవారికే ఉంటుంది. అంటే ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లకు (ఎస్జీటీలకు), పరీక్ష భారం అందరికన్నా ఎక్కువగా పడే అవకాశం ఉన్నా, తమ పేరుతో ఉన్న నియోజకవర్గంలోనే ఓటు లేదు.

తల్లిదండ్రులకు దగ్గరగా ఉన్నది పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం దీనిలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులే కావాలి, సగంమంది స్త్రీలు ఉండాలి. ఉపాధ్యాయులకు పరీక్ష పెట్టే అధికారం ఈ కమిటీకి లేదు కానీ, బడి పనితీరును పర్యవేక్షించి అభివృద్ధి ప్రణాళికను సిఫార్సు చేసే అధికారం ఉంది. అది తక్కువ అధికారమేమీ కాదు. మనం దాన్ని వాడుకోవడం తక్కువ.

చట్టం ఇప్పటికే ఏం చెప్పింది

తేల్చవలసినదంతా మన ఓటు మీదే ఆధారపడి లేదు. 2009 విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ఉపాధ్యాయుల కనీస అర్హతలను నిర్ణయించే బాధ్యతను కేంద్రం నియమించే విద్యా సంస్థకు అప్పగించగా, ఆ హోదాలో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి అయిన ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఉపాధ్యాయ అర్హత పరీక్ష, అంటే మనం టెట్ అని పిలిచేది, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికి తప్పనిసరి అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి టెట్ 2011లో జరిగింది. నూట యాభై ప్రశ్నలు, నూట యాభై మార్కులు, తప్పుకు మార్కు కోత లేదు. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హులైనట్లు. మొదట ఏడేళ్లుగా ఉన్న ధ్రువపత్రం కాలపరిమితిని 2021లో జీవితకాలానికి మార్చారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామకానికి పెట్టే పోటీ పరీక్ష అయిన డీఎస్సీ మెరిట్ లెక్కలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. 16,347 పోస్టులతో 2025లో జరిగిన మెగా డీఎస్సీలోనూ అదే పద్ధతి పాటించారు.

ఇంతవరకు కొత్తగా చేరేవారి సంగతి. చర్చను మార్చివేసినది 2025 సెప్టెంబరు 1న అంజుమన్ ఇషాఅత్-ఎ-తాలీమ్ ట్రస్టు కేసులో జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ఇచ్చిన సుప్రీంకోర్టు తీర్పు. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవారు, టెట్ రాకముందు నియమితులైనా సరే, రెండేళ్లలో టెట్ ఉత్తీర్ణులు కావాలని, కాని పక్షంలో ఉద్యోగం వదులుకోవలసి ఉంటుందని ఆ తీర్పు చెప్పింది. ఐదేళ్లలోపు సర్వీసు మిగిలినవారు టెట్ లేకుండానే కొనసాగవచ్చు కానీ పదోన్నతికి మాత్రం అది కావాలి. మైనారిటీ విద్యాసంస్థల విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ వయసు 62 కాబట్టి, తీర్పు నాటికి 57 ఏళ్లు నిండనివారు పరీక్ష రాయవలసిన వర్గంలోకి వస్తారు. డీఎస్సీ-2008తోనో అంతకు ముందో చేరినవారికే ఇది ఎక్కువగా తగులుతుంది. 2025 అక్టోబరులో వచ్చిన ఏపీ టెట్ నోటిఫికేషన్‌లో సర్వీసులో ఉన్నవారికీ దరఖాస్తు అవకాశం కల్పించారు. ఈ తీర్పును పునఃసమీక్షించాలని కొన్ని రాష్ట్రాలు కోర్టును ఆశ్రయించాయి కాబట్టి, నిర్ణయం తీసుకునే రోజుకు అమల్లో ఉన్న ఉత్తర్వును చూసుకోవడం అవసరం.

మొదటి మార్గం: గుమ్మం దగ్గర పరీక్ష

చేరే ముందు పరీక్ష ఉండాలన్న దానిపై నాకు సందేహం లేదు. అభ్యర్థులు లక్షల్లో, ఖాళీలు వేలల్లో ఉన్న చోట పరీక్ష లేకపోతే దాని స్థానంలోకి వచ్చేది ప్రతిభ కాదు, సిఫార్సు. డీఎస్సీ మీద ఎన్ని విమర్శలున్నా, పాడేరు కొండల్లోని కూలీ బిడ్డ, ఎంవీపీ కాలనీ అధికారి బిడ్డ ఒకే ప్రశ్నపత్రం రాసి ఒకే జాబితాలో నిలబడే అవకాశం దాని వల్లనే వచ్చింది. దీనిలోని బలహీనత కోచింగ్. అవనిగడ్డ వంటి ఊళ్లకు డీఎస్సీ కోచింగ్ కేంద్రాలుగానే పేరు రావడం చూస్తే, పరీక్షకు ఏది కావాలో అదే నేర్చుకునే తరం ఎలా తయారవుతుందో అర్థమవుతుంది. అయినా ఈ లోపాన్ని ప్రశ్నపత్రం మార్చి సరిదిద్దవచ్చు. డీఎస్సీ తరువాత ఒక నమూనా పాఠం చెప్పించాలన్న ప్రతిపాదన వస్తే, మార్కులు వేసే కమిటీ ఎవరిదన్నది తేలేవరకు మద్దతు ఇవ్వవద్దని మాత్రం చెబుతాను. సిఫార్సు తిరిగి లోపలికి వచ్చే దారి అదే.

రెండో మార్గం: సర్వీసులో ఉన్నవారికి ఉమ్మడి పరీక్ష

అసలు వివాదం ఇక్కడే. సమర్థించేవారి వాదనను ముందుగా న్యాయంగా చెప్పాలి. పాతికేళ్ల కిందట నేర్చుకున్నదానితోనే నెట్టుకొస్తున్నవారు ప్రతి వృత్తిలోనూ ఉంటారు, బడి అందుకు మినహాయింపు కాదు. పాఠ్యపుస్తకాలు మారాయి, ఆంగ్ల మాధ్యమం వచ్చింది, బోర్డు స్థానంలో డిజిటల్ తెర అయిన ఐఎఫ్‌పీ ప్యానెల్ వచ్చింది. పిల్లవాడి చదువు హక్కు అయినప్పుడు, చెప్పేవారికి కనీస అర్హత ఉండటం ఆ హక్కులో భాగమేనన్నది సుప్రీంకోర్టు తర్కం, అది తేలిగ్గా కొట్టిపారేయగలిగినది కాదు.

ఇక ప్రశ్నపత్రం చూద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సంబంధించిన పేపర్ 2ఏలో శిశు వికాసం, బోధనా పద్ధతులకు 30, మొదటి భాషకు 30, ఆంగ్లానికి 30, సబ్జెక్టుకు 60 మార్కులు. గణితం, సైన్సు ఒకే విభాగం. అందువల్ల పద్దెనిమిదేళ్లుగా జీవశాస్త్రం మాత్రమే చెబుతున్న స్కూల్ అసిస్టెంట్ (ఉన్నత పాఠశాల సబ్జెక్టు టీచరు)కు కూడా సబ్జెక్టు మార్కుల్లో సగం గణితానికే ఉంటాయి. ఆమె జీవితంలో ఒక్క గణిత పీరియడ్ చెప్పి ఉండదు, ఇకపైనా చెప్పదు. ఆ ముప్ఫై ప్రశ్నలు ఆమె బోధన గురించి మనకు చెప్పేదేమీ లేదు. ఈ ఒక్క విషయాన్ని సవరించమని అడగడం పరీక్షను వ్యతిరేకించడం కాదు, పరీక్ష అన్న మాటకు అర్థం ఉండాలని కోరడం.

ఇంకొక ఉదాహరణ తీసుకుందాం. ఐదో తరగతిలో ఒక పాప అరకు మూడో వంతు కలపమంటే పైనున్న ఒకటి, ఒకటి కలిపి రెండు, కిందనున్న రెండు, మూడు కలిపి ఐదు అని ‘ఐదింట రెండు’ అని పలక మీద రాస్తుంది. ఒక టీచరు దాన్ని కొట్టేసి కసాగు తీయమంటారు. మరొక టీచరు ఆ పలకను అలాగే ఉంచి, “అర రొట్టె నీ దగ్గర ఉంది, ఇంకో ముక్క ఇచ్చాను, ఇప్పుడు నీ దగ్గరున్నది అరకన్నా ఎక్కువా తక్కువా?” అని అడుగుతారు. ఐదింట రెండు అరకన్నా తక్కువని తెలుసుకున్న పాప తన తప్పును తానే పట్టుకుంటుంది. ఈ ఇద్దరూ టెట్‌లో పిల్లల ఎదుగుదల గురించి మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పియాజే చెప్పిన దశల వయసులను సరిగ్గా గుర్తించవచ్చు, ఇద్దరికీ నూట పది మార్కులు రావచ్చు. పిల్లల తప్పు వెనుక ఉన్న ఆలోచనను కనిపెట్టమనే ప్రశ్నలు కొన్నైనా పెట్టవచ్చు కాబట్టి పరీక్ష పూర్తిగా గుడ్డిది అనను. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే పరీక్ష ఆ పలక దగ్గర జరిగేదాన్ని చూపించలేదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన ప్రాంత బడుల విషయం ఇంకా సున్నితమైనది. అక్కడ ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి భాషలు. ఆ భాషలో నాలుగు మాటలు చెప్పగలిగిన టీచరు దగ్గర పిల్లవాడు నిలుస్తాడు, లేకపోతే బడి మానేస్తాడు. టెట్‌లో దానికి ఒక్క మార్కు లేదు. విశాఖలో కూర్చుని ఓటు వేసే మనకు ఈ నష్టం కనబడదు, ఎందుకంటే పరీక్ష తప్పి ఖాళీ అయిన పోస్టు నగరంలో త్వరగా నిండుతుంది, కొండ మీద నిండదు.

బయటి అనుభవం కూడా ఇదే దిశలో ఉంది. అమెరికాలో 1985లో ఆర్కెన్సా, 1986లో టెక్సస్ రాష్ట్రాలు అప్పటికే పనిచేస్తున్న ఉపాధ్యాయులకు చదవడం, రాయడం వంటి ప్రాథమిక నైపుణ్యాల్లో పరీక్ష పెట్టాయి. టెక్సస్‌లో దాదాపు అందరూ గట్టెక్కారు. పరీక్ష తేలికైతే ఎవరినీ వేరుచేయదు, కష్టమైతే బడులు ఖాళీ అవుతాయన్న భయంతో తేలిక చేస్తారు. ఈ చిక్కు ఏ ప్రభుత్వానికైనా తప్పదు.

మూడు, నాలుగు: పునరుద్ధరణ, పిల్లల మార్కులు

పదేళ్లకోసారి కనీసం 30 గంటల కోర్సు చేసి లైసెన్సు పునరుద్ధరించుకోవాలన్న పద్ధతిని జపాన్ 2009లో మొదలుపెట్టింది. సెలవుల్లో సొంత ఖర్చుతో చేయవలసిన ఆ కోర్సులు ఉపాధ్యాయులకు భారమయ్యాయి. ఉపాధ్యాయుల కొరత కూడా ముదరడంతో 2022 జులైలో దాన్ని రద్దు చేశారు. మెక్సికో 2013లో ఉద్యోగ కొనసాగింపునే మూల్యాంకనానికి ముడిపెట్టి, తీవ్ర నిరసనల మధ్య నడిపి, 2019లో వెనక్కు తీసుకుంది. క్రమశిక్షణకు, ఓపికకు పేరుపడిన జపాన్ మోయలేనిదాన్ని, మరుగుదొడ్డి ఫొటో దగ్గర నుంచి మధ్యాహ్న భోజనం లెక్క దాకా యాప్‌లో ఎక్కించే పని నెత్తిన ఉన్న మన ఉపాధ్యాయులు మోస్తారని నేను నమ్మను.

పిల్లల మార్కులనో బోధన పనితీరునో బట్టి ఉపాధ్యాయుల జీతమో కొనసాగింపో నిర్ణయించాలన్న ప్రతిపాదనను ప్రజలు నేరుగా ఓటుతో తిరస్కరించిన సందర్భాలు ఉన్నాయి. ఒరెగన్‌లో 2000లో 95వ ప్రతిపాదన, 2008లో 60వ ప్రతిపాదన ఓడిపోయాయి. ఐడహోలో పనితీరును బట్టి బోనస్ ఇచ్చే చట్టం 2012లో ప్రజాఓటుతో రద్దయింది. 2014 నవంబరులో మిస్సోరీ మూడో సవరణను నూటికి డెబ్బై ఐదు మందికి పైగా వ్యతిరేకించారు. మంచి టీచర్లు కావాలన్నది ఆ ఓటర్ల కోరికా అయి ఉంటుంది. కానీ చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదివాక వెనకడుగు వేశారని నా అభిప్రాయం. మన దగ్గర అయితే దీన్ని గట్టిగా వ్యతిరేకించండి. గాజువాకలో ట్యూషన్ కొనగలిగిన ఇంటి పిల్లవాడి మార్కులు బడి టీచరు ఖాతాలో పడతాయి, వలస కూలీల పిల్లలున్న బడిలో చెప్పే టీచరుకు శిక్ష పడుతుంది.

ఐదో మార్గం: తరగతి గదిలో కూర్చుని చూడటం

ఇది ఖరీదైనది, నెమ్మదిగా జరిగేది, చూసేవారి తీరును బట్టి మారిపోయేది. అయినా సర్వీసులో ఉన్నవారి విషయంలో నేను దీనివైపే మొగ్గుతాను. మన రాష్ట్రంలో దీనికి పునాది లేకపోలేదు. ప్రపంచ బ్యాంకు రూపొందించిన టీచ్ టూల్ పద్ధతిలో తరగతి పరిశీలన చేయడానికి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే కాంప్లెక్స్ సమావేశాలు ఎటూ ఉన్నాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి ఉపాధ్యాయునికి ఏటా కనీసం 50 గంటల వృత్తిపరమైన శిక్షణ ఉండాలని చెప్పింది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అయిన భీమునిపట్నం డైట్, ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యా విభాగం వంటివి దగ్గర్లోనే ఉన్న జిల్లాలో ఆ గంటలకు చివర తాము చెప్పే సబ్జెక్టులోనే ఒక చిన్న పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవారిని మళ్లీ ఆ పాఠానికే పంపడం అసాధ్యమేమీ కాదు.

మండల విద్యాధికారి (ఎంఈఓ) వచ్చిన రోజున మాత్రమే బోధనోపకరణాలు బీరువాలో నుంచి బయటికి వస్తాయన్నది అందరికీ తెలిసిన సంగతే. అందుకే ఒక్కరు ఒక్కసారి చూసి వేసే మార్కును నమ్మకూడదు. వేరే మండలానికి చెందిన అదే సబ్జెక్టు టీచరు ఒకరు, ప్రధానోపాధ్యాయులు ఒకరు, వేర్వేరు నెలల్లో, ముందుగా చెప్పిన అంశాల పట్టిక ప్రకారం చూసి, రాసినదాన్ని ఆ టీచరుకు చూపించి సంతకం తీసుకుంటే కొంత నమ్మవచ్చు. అలా చూసినప్పుడు పదేపదే బలహీనంగా తేలినవారికి పరీక్ష పెట్టండి. అప్పుడు దానికి కారణం ఉంటుంది.

మీరు ఎవరన్న దాన్ని బట్టి

ప్రభుత్వ లేదా జీవీఎంసీ బడి కమిటీలో సభ్యులైతే, “టీచర్లకు పరీక్ష పెట్టాలి” అన్న తీర్మానానికి చెయ్యెత్తడం వృథా, అది మీ అధికారంలో లేదు. దానికి బదులు, మీ బడిలో టెట్ రాయవలసినవారు ఎంతమంది, వారు సిద్ధమయ్యే కాలంలో తరగతులు ఎలా నడుస్తాయి అన్న రెండు ప్రశ్నలను బడి అభివృద్ధి ప్రణాళికలో చేర్చమని అడగండి. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప వేరే బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. దాన్ని గుర్తుచేస్తూ తీర్మానం చేయడం మీ పిల్లలకూ మేలే.

మీరే ఉపాధ్యాయులైతే, అందులోనూ తీర్పు పరిధిలోకి వచ్చేవారైతే, పునఃసమీక్ష ఫలితం కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు. టెట్ ధ్రువపత్రం జీవితకాలం చెల్లుతుంది కాబట్టి రాసినందువల్ల పోయేదేమీ లేదు, తీర్పు అలాగే నిలిస్తే రాయనివారికి పోయేది ఉద్యోగం. ఆన్‌లైన్ పరీక్ష అలవాటు లేనివారు చదువు కన్నా ముందు కంప్యూటరు మీద మాక్ టెస్టులు రాసుకోవాలి. చాలామందికి ఇబ్బంది సిలబస్‌తో కాదు, గడియారంతో. సంఘం సమావేశంలో మాత్రం “పరీక్ష వద్దు” అన్న తీర్మానం కన్నా “మా సబ్జెక్టులో పరీక్ష పెట్టండి, శిక్షణ ఇచ్చి పెట్టండి, ఒకసారి తప్పితే ఉద్యోగం తీసేయకండి” అన్న తీర్మానానికి ఓటు వేయండి. మొదటిదానికి తల్లిదండ్రుల మద్దతు దొరకదు, రెండోదానికి దొరుకుతుంది.

అభ్యర్థిని ఎంచుకునే ఓటరు అయితే, ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు కాబట్టి ఉపాధ్యాయ నియోజకవర్గంలో తిరిగి ఓటు 2031లో గాని రాదని, తీర్పు ఇచ్చిన గడువు 2027తోనే ముగుస్తుందని గుర్తుంచుకుని, ఇప్పుడున్న ప్రతినిధులకే వినతులు పంపండి. పేపర్ 2ఏలో జీవశాస్త్రం వారికి గణితం ఎందుకన్న ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పమనండి. చెప్పలేనివారు ఈ విషయం చదవలేదని అర్థం.

ఇక ద్వారకానగర్ నుంచి మధురవాడ దాకా ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం బడులకు ఫీజు కట్టే తల్లిదండ్రులు. ప్రభుత్వ టీచర్లకు పరీక్ష పెట్టాలని గట్టిగా మాట్లాడేవారిలో వీరే ఎక్కువ. ఎన్‌సీటీఈ నిర్ణయించిన కనీస అర్హతలు ప్రైవేటు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు బోధించేవారికీ వర్తిస్తాయి, ఆ సంగతి అడిగే నాథుడే ఉండడు. ప్రభుత్వ టీచరు డీఎస్సీ అనే పోటీ పరీక్షనైనా దాటి వచ్చారు. మీ పిల్లల టీచరు ఏ పరీక్ష దాటి వచ్చారో తెలుసుకునే హక్కు మీకుంది. వచ్చే ఏడాది ఫీజు కట్టే ముందు ఆఫీసు గదిలో టీచర్ల అర్హతల జాబితా, అందులో టెట్ వివరం ఉన్న కాలమ్ చూపించమని అడగండి. అడిగేటప్పుడు ఆ టీచరుకు నెలకు ఎంత జీతం ఇస్తున్నారో కూడా అడగండి, ఎందుకంటే టెట్ ఉన్నవారు ఆ జీతానికి ఎందుకు రావడం లేదో ఆ అంకెతోనే తెలిసిపోతుంది.